పడవ ముందరి గాలిపెట్టె

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. విజయపురి సౌత్‌లో లాంచీల షెడ్డులో నేను చేసిన పనే ఇప్పుడు వాళ్ళు చేస్తున్నారు. టీ తాగుతూ, "మీ సర్వీసులో అన్నిటికన్నా కష్టమైన పని ఏది సార్?" అని అడుగుతారు. మునిగిన లాంచీని లేపిన కథ ఏదో చెబుతాననుకుంటారు. నేను మాత్రం ఒక ఇంటి వాకిట్లో చేసిన ప్లైవుడ్ పడవ సంగతి చెబుతాను. వినడం మొదలుపెట్టినప్పుడు నవ్వుతారు.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. పడవ బయటి రంగు అందరికీ కనిపిస్తుంది. లోపలి సంగతి ఎవరికీ పట్టదు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత మనుషుల గురించి పుట్టిందో పడవల గురించి పుట్టిందో గానీ, చెక్క పడవను తినేసేది ఎక్కువగా లోపల నిలిచిన తడే. కూర్చునే బల్లల కింద, మూలల్లో, చెయ్యి దూరని చోట చేరి కూర్చుంటుంది. రెజిన్ అనే చిక్కటి జిగురు కలిపి, మూలల్లో పుట్టీ నింపి, దానిమీద ఫైబర్ గుడ్డ అతికించి, మళ్ళీ రెజిన్ పూసి, చెక్కకు తడి అంటకుండా లోపలంతా మూసెయ్యడం నా పని. సర్వీసంతా తల పడవలో, కాళ్ళు బయట. నా మొహం కన్నా నా మడమల్నే తను ఎక్కువ గుర్తుపడుతుందని మా ఆవిడ ఎగతాళి చేసేది.

నేను రిటైరవడానికి కొంచెం ముందు సంగతి ఇది. కృష్ణ మీద మాకు దిగువన కట్టిన ప్రాజెక్టులో నీళ్ళు నిలిపాక ఒడ్డునున్న కొన్ని ఊళ్ళు మునిగాయి. ఆ ఊళ్ళవాళ్ళకు మెట్ట మీద కాలనీలు కట్టించారు. అలాంటి కాలనీ ఒకటి నడికుడిలో దిగి ఆటో ఎక్కితే వస్తుంది. అవతలి ఒడ్డు తెలంగాణ. చుట్టరికాలు అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి జనానికి నీళ్ళు దాటక తప్పదు. ఎవరికి తోచినట్టు వాళ్ళు పడవలు చేసుకున్నారు. ఎక్కడో ఒకటి బోల్తా పడేసరికి, మనుషుల్ని ఎక్కించే ప్రతి పడవనూ తెలిసినవాళ్ళు చూసి సరే అనాలని పైనుంచి మాట వచ్చింది. మా ఏఈ గారు నన్నూ, ఇంజన్లు చూసే ఫిట్టర్‌నూ పంపారు.

ఫిట్టర్‌ది మాచర్ల. నోరు క్షణం ఊరుకోదు. పాడైన ఇంజను దగ్గర ఎంత ధైర్యమో, చీకటి గది దగ్గర అంత పిరికితనం. దారంతా నన్ను నవ్విస్తూనే వచ్చాడు.

మేము చూడాల్సిన పడవను చేసినవాడు వడ్రంగి. నలభైకి అటూ ఇటూగా ఉంటాడు. రెడీమేడ్ మంచాలూ బీరువాలూ వచ్చి పని పోయాక, రేవు నడుపుకుందామని, ఫోన్‌లో వీడియోలు చూసుకుంటూ ఇంటి ముందు రేకుల పందిట్లో దీన్ని కట్టాడు. చూడగానే నాకు ముచ్చటేసింది. కోత ఎక్కడా వంకర లేదు. పడవ పొడుగు కావడంతో ముక్కు పందిరి దాటి తూర్పుకు ఎండలోకి వచ్చింది. ఆ ముక్కు కింద అడ్డంగా ఒక చెక్క పెట్టి, పైన మూత వేసి, గాలిపెట్టె చేశాడు. పడవలో నీళ్ళు నిండినా ఆ పెట్టెలో గాలి ఉన్నంతవరకూ ముందు భాగం మునగదు. అది సరైన ఏర్పాటే.

పొద్దు అప్పుడే ఎక్కుతోంది. ఫిట్టర్ ఆ పెట్టె మూత మీద చతికిలబడి బీడీ తీశాడు. కింద 'టక్' మంది. లేచి నిలబడ్డాడు. మళ్ళీ 'టక్, టక్' మంది. లోపల ఎవరో వేలి కణుపులతో తలుపు తట్టినట్టు ఉంది.

ఇంట్లోంచి ముసలామె టీ గ్లాసుతో వచ్చింది. వడ్రంగి తల్లి. గ్లాసు మా కోసమేననుకుని చెయ్యి చాపాను. ఆమె నన్ను దాటిపోయి దాన్ని మూత మీద పెట్టింది.

"లేచాడు," అంది.

"ఎవరు పెద్దమ్మా?"

"మా పెద్దోడు."

ఫిట్టర్ నా చెవి దగ్గరికి వచ్చి, "మనల్ని దింపిన ఆటో యెల్లిపోయిందా భాయ్?" అన్నాడు.

వడ్రంగిని పక్కకు తీసుకెళ్ళి విషయం చెప్పాను. ఎండ తగిలితే మూసిన పెట్టెలో గాలి ఉబ్బుతుంది, పల్చటి చెక్క బయటికి పొంగి టక్కుమంటుంది. సాయంత్రం చల్లబడితే లోపలికి లాక్కుని మళ్ళీ టక్కుమంటుంది. మూత బిగించిన నూనె డబ్బా కూడా ఇదే పని చేస్తుంది. చిన్న బెజ్జం వేసి బిరడా పెట్టుకుంటే, పడవ ఒడ్డునున్నప్పుడు అది తీసి గాలి ఆడనివ్వొచ్చు, చప్పుడు ఉండదు.

"అది నేనూ అనుకున్నా అన్నా. మాయమ్మకి చెప్పేవోడు కావాల," అన్నాడు.

అప్పుడు వాళ్ళ అన్న సంగతి చెప్పాడు. నీళ్ళు కొత్తగా నిండిన రోజుల్లో, మునిగిన తమ మిరప చేను మీదనే వల వేయడానికి పోయాడట. వల నీళ్ళ అడుగున తుమ్మచెట్టుకు చిక్కుకుంది. విడిపిద్దామని దిగి మళ్ళీ పైకి రాలేదు. ఎంత వెతికినా మనిషి దొరకలేదు. పెళ్ళి కుదిరి, ముహూర్తం పెట్టుకునే రోజుల్లో జరిగింది. తల్లి ఆ తరువాత చిన్నవాణ్ణి నీటి ఒడ్డుకు కూడా పోనివ్వలేదు. బతకడానికి వేరే దారి లేక పడవకు ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. ముందరి పెట్టె తనది.

"ఆమె ఏం పెట్టిందో నాకు తెలవదన్నా. నన్ను అటు తిరగమంది. పెట్టినాక మూతేసి స్క్రూలు బిగించి చుట్టూ పుట్టీ పెట్టమంది. తీస్తే తన మీద ఒట్టంది. అన్న ముందుండి పడవని కాస్తాడంట."

ఆ పెట్టె లోపలి పక్కకు రెజిన్ పూశావా అని అడిగాను. పూయలేదన్నాడు. మిగతా పడవ లోపల కూడా ఒక చెయ్యి వార్నిష్ మాత్రమే వేశాడు. షాపువాళ్ళు ఈ ప్లైవుడ్ నీళ్ళకు ఆగుతుందన్నారని ధీమా. తనిఖీకి వెళ్ళినవాణ్ణి, చూసి చెప్పి రావచ్చు. అంత చక్కగా కోసిన చెక్కను అలా వదిలేసి రాబుద్ధి కాలేదు. ఏఈ గారి దగ్గర మాట తీసుకుని, వీలు దొరికినప్పుడల్లా వెళ్ళి లోపల మూసే పని అతనితో కలిసి మొదలుపెట్టాను. ఫిట్టర్ ఇంజను బిగించే పేరు మీద వచ్చాడు, పడవ వెనక భాగం దాటి ముందుకు మాత్రం రాలేదు.

వెనక నుంచి మూలలు నింపుకుంటూ ముందుకు వచ్చాను. ఒక మధ్యాహ్నం పెట్టెకు అడ్డంగా ఉన్న చెక్క దగ్గరికి చేరాను. రెజిన్ పూసే ముందు చెక్క పొడిగా ఉందో లేదో అరచెయ్యి పెట్టి చూడడం నా అలవాటు. పెట్టాను. చెక్క వెచ్చగా ఉంది. ఆ చెక్క పందిరి నీడలో ఉంది, ఎండ తగిలే చోటు కాదు. పక్క చెక్క మీద చెయ్యి వేసి చూశాను. అది చల్లగానే ఉంది. మళ్ళీ దీని మీద వేశాను. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురులా ఉంది. పులిసిన గంజి వాసన కూడా సన్నగా తగిలింది.

అంతలో లోపల ఏదో కదిలింది. అది టక్కుమనే చప్పుడు కాదు. ఎండుటాకుల మీద ఏదో మెల్లగా పాకినట్టు, ఆగి మళ్ళీ పాకినట్టు. పొద్దున, సాయంత్రం వచ్చే చప్పుడుకు నా దగ్గర జవాబు ఉంది. దీనికి లేదు. నా తల పడవలో ఉంది, చెవికీ ఆ చెక్కకూ మధ్య జానెడు జాగా లేదు. భయపడ్డాను. ఎలుక అయ్యుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. స్క్రూలు బిగించి పుట్టీ పెట్టిన పెట్టెలోకి ఎలుక ఎలా వెళుతుందో చెప్పుకోలేకపోయాను. బయటికి వచ్చి చాలాసేపు ఎండలో నిలబడ్డాను.

తరువాత వెళ్ళినప్పుడు అడ్డుచెక్క పొట్టలా ముందుకు ఉబ్బి ఉంది. ప్లైవుడ్ పొరలు అంచుల్లో విడుతున్నాయి. ఒక మూల, పందిరి రేకుల సందులోంచి వెలుతురు పడే చోట, అతుకు కొద్దిగా నోరు తెరిచింది. అందులోంచి తెల్లటి దారం లాంటిది ఒకటి ఆ సందును పూడ్చుకుని బయటికి వచ్చి ఉంది. వేలు తగిలిస్తే చల్లగా, మెత్తగా ఉంది. కొస కొంచెం వంగి ఉంది. లాగడానికి చేతులు రాలేదు.

"వెంట్రుక కాదు గదా భాయ్?" అన్నాడు ఫిట్టర్ దూరం నుంచే. ఆ మాటకు వడ్రంగి మొహం పాలిపోయింది.

ఏఈ గారికి ఫోన్ చేశాను. ఆయన మంచివాడు, జాగ్రత్తపరుడు. "పడవ పనికిరాదని చెప్పి వచ్చెయ్యండి. ఇళ్ళల్లో నమ్మకాల జోలికి మనం పోవద్దు," అన్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ మేము వద్దన్నంత మాత్రాన ఆ పడవ ఆగదు. కార్తీక మాసం దగ్గర పడింది, అవతలికి దాటిస్తానని వడ్రంగి అప్పటికే ఊరందరికీ మాట ఇచ్చాడు. ఆ చెక్క నీళ్ళ నడుమ పగిలితే ముందు భాగం మునుగుతుంది, పడవ తలకిందులవుతుంది. ఒక కొడుకును మింగిన నీళ్ళలోకే ఆ తల్లి రెండోవాణ్ణి చేజేతులా పంపుతోంది. అది తెలిసి బస్సెక్కడం నావల్ల కాలేదు.

సాయంత్రం ఆమె పెట్టె పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఎండ దిగాక వచ్చే చప్పుడు కోసం. నేను నేలమీద కూర్చున్నాను. టక్కుమంది. ఆమె తల ఊపింది.

"పెద్దమ్మా, లోపల ఏం పెట్టావు?"

"నీకెందుకు సాయిబూ?"

"చెక్క ఉబ్బింది. పొరలు విడుతున్నాయి. నేను చెయ్యి పెట్టి చూశా. ఎక్కువ రోజులు ఆగదు."

ఆమె మూత మీద చెయ్యి వేసి చెప్పింది. "వాడి చొక్కా. జేబులో నవధాన్యాలు పోశా. ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో ఎయ్యమా? వాడికీ ఒక ఇల్లుండాల గదా. చొక్కాని ఏటి నీళ్ళల్లో ముంచి పెట్టా. వాడు పొడిబట్టలతో పోలేదు గదయ్యా."

తడి చొక్కా, గింజలు, రెజిన్ పూయని చెక్క. నాకు సగం అర్థమైంది. మిగతా సగం అర్థం చేసుకోవాలని అనిపించలేదు.

"పునాదిలో ఏసినయ్యి తవ్వితే ఇంట్లో మనిషి పోతారు సాయిబూ. నేనేమన్నా తెలవక ఒట్టేసుకున్నానా?"

"ఇల్లు నేల మీద ఉంటుంది పెద్దమ్మా. కదలదు. ఇది నీళ్ళ మీదికి పోతుంది. ఆ చెక్క నట్టేట్లో పగిలితే ఏం చేస్తాం?"

ఆమె నా వైపు తిరిగింది. "అంటే నట్టేట్లో వాడు తలుపు తీసుకుని బయటికొస్తాడంటావు."

నేను చెప్పదలచుకున్నది అది కాదు. కానీ కాదని కూడా అనలేకపోయాను. 

"అట్టొస్తే తమ్ముణ్ణి వొదిలి పెట్టడు. చిన్నప్పటి నుంచీ యాడికి పోయినా ఎంట తీసకపోవాల్సిందే వాడికి," అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "రేప్పొద్దున తియ్యి. నేను పక్కనుంటా. ఏదన్నా అయితే ముందు నాకే కావాల."

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. మూత మీద పుట్టీ రాయిలా గట్టిపడి స్క్రూలు రాలేదు. చుట్టూ రంపంతో కోయాల్సిందే. ఏ చెక్క మీద రంపం పెట్టినా బిస్మిల్లా అనుకుని పెట్టడం నా అలవాటు. ఆ రోజు పైకే అన్నాను. కోస్తుంటే సందులోంచి వెచ్చటి గాలి బుస్సుమని మొహాన కొట్టింది. ఫిట్టర్ అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు. నేనూ వడ్రంగీ చెరో పక్క పట్టుకుని మూత ఎత్తాం.

గళ్ళ చొక్కా, వెల్లకిలా పరిచి ఉంది. దాని నిండా మొలకలు. జేబులో పోసిన గింజలు ఉబ్బి, జేబు చినిగి, చొక్కా అంతటా పాకాయి. మెడలోంచి గుత్తిగా బయటికి వచ్చాయి. రెండు చేతుల్లోంచీ వచ్చాయి. పచ్చదనం అన్నది లేదు, అన్నీ పాలిపోయిన తెలుపు. చొక్కా చదునుగా లేదు, లోపల మనిషి ఉన్నట్టు ఎత్తుగా లేచి ఉంది. ఆ మొలకలన్నీ ఒకే వైపు వంగి ఉన్నాయి, వెలుతురు సన్నగా చొరబడే ఆ మూల వైపు. గాలి తగిలేసరికి ఒక్కసారిగా వణికాయి.

చీకట్లో పెరిగిన మొక్క తెల్లగానే ఉంటుంది, వెలుతురు వైపే వంగుతుంది. కుక్కిపెట్టిన తడి గింజలు వేడెక్కుతాయి, పెరుగుతూ చెక్కకు రాసుకుంటాయి. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా రెండడుగులు వెనక్కి వేశాను.

వడ్రంగి "అన్న చొక్కా" అని ఒక్క మాట అని కూలబడి ఏడ్చాడు. ముసలామె ఏడవలేదు. వంగి, పసిబిడ్డ తల నిమిరినట్టు మొలకల మీద చెయ్యి ఆడించింది.

"పాలికలురా," అంది.

పెళ్ళిళ్ళలో మట్టి మూకుళ్ళలో నవధాన్యాలు చల్లి మొలిపిస్తారు కదా, వాటిని పాలికలంటారు. పెళ్ళి అయ్యాక తీసుకెళ్ళి నీళ్ళలో కలుపుతారు.

"పెళ్ళి కాకుండా పోయాడని కుమిలిపోయా. లోపల్లోపలే చేసుకున్నాడు చూడు," అంది ఆమె. ఆ ముసలి మొహంలో సంతోషం చూసి నాకు మొలకల్ని చూసినప్పటికన్నా ఎక్కువ భయమేసింది. "పాలికలు ఇంట్లో ఉంచుకోకూడదు. నీళ్ళల్లో కలపాల. పడవ తొందరగా కానియ్యండి."

ఆ మాటతో ఒట్టు తీరిపోయింది. చొక్కాను మొలకలతో సహా వెదురు బుట్టలో పెట్టి ఇంట్లో ఉంచింది. మేము అడ్డుచెక్క మార్చాం. పెట్టె లోపల నల్లబడినదంతా గీకి, బాగా ఆరనిచ్చి, మూల మూలకూ పుట్టీ, గుడ్డ, రెజిన్ పట్టించాం. నా సర్వీసులో అంత శుభ్రంగా మూసిన పని ఇంకొకటి లేదు. గాలి ఆడడానికి బెజ్జం వేసి బిరడా పెట్టాం. తరువాతి పొద్దున టీ తాగుతూ అందరం చెవులు రిక్కించాం. ఎండ ఎక్కింది. చప్పుడు రాలేదు. ముసలామె గ్లాసు మూత మీద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. పని బాగా కుదిరినందుకు సంతోషించాల్సిన నేను ఆమె వైపు చూడలేకపోయాను.

పడవను నీళ్ళలోకి దించిన రోజు నేనూ ఉన్నాను. ఫిట్టర్ చేతికి కొత్త తాయెత్తుతో వచ్చాడు. ముసలామె బుట్ట పట్టుకుని నేరుగా ముందుకు వెళ్ళి గాలిపెట్టె మీద కూర్చుంది. "నడిమికి రా అమ్మా, పడతావు," అని కొడుకు ఎంత చెప్పినా కదలలేదు. "ముందర ఎవురో ఒకరుండాల," అంది.

వాళ్ళ మిరప చేను ఉండిన చోటును నీళ్ళ మీద అతను ఎలా గుర్తుపట్టాడో నాకు తెలియదు. అక్కడ ఆపాడు. ఆమె బుట్ట వంచింది. చొక్కా వెల్లకిలా తేలింది. చేతుల్లోకి గాలి చేరి రెండూ పక్కలకు చాచుకున్నాయి. మెడలోంచి తెల్లటి మొలకలు నీళ్ళ మీద పరుచుకున్నాయి. చొక్కా కాసేపు పడవ పక్కనే ఉండి, తరువాత మెల్లగా నీళ్ళలోకి దిగిపోయింది. 

ఇంజను వేసుకుని తిరిగి బయలుదేరాం. ఎండ దిగి గాలి చల్లబడింది. రోజూ చప్పుడు వచ్చే వేళ. ముసలామె వంగి మూతకు చెవి ఆనించింది. పైకి లేచి, పిడికిలి బిగించి, వేలి కణుపులతో చెక్క మీద 'టక్, టక్' మని కొట్టింది. ఫిట్టర్ నా భుజం పట్టుకున్నాడు.

"ఏందమ్మా అది? లోపలెవురూ లేరు గదా," అన్నాడు కొడుకు.

"లేడని నాకు తెలవదా? లోపలున్నప్పుడు వాడు కొట్టాడు, నేను ఇన్నా. ఇప్పుడు వాడు బయటున్నాడు. నేను కొట్టాల, వాడు ఇనాల."

మళ్ళీ కొట్టింది. కొడుకు తల్లి వైపు చూశాడు. తరువాత నీళ్ళ వైపు చూసి, ఇంజను ఆపేశాడు.